బావి తాగే లెక్క

చమురు ఇంజినీరంటే భూమిలోంచి చమురు పైకి తీసేవాడని అందరూ అనుకుంటారు. పెళ్లిళ్లలో, రైళ్లలో పరిచయమైనవాళ్లు నన్నడిగే మొదటి ప్రశ్న కూడా అదే: "రోజుకెంత తీస్తారండీ?" ఉత్పత్తి వైపు నేను పనిచేసింది తక్కువ. నాది డ్రిల్లింగ్, అందులోనూ మడ్ విభాగం. బావి తవ్వుతున్నన్నాళ్లూ అడుగునున్న గ్యాస్‌నీ నూనెనీ నీటినీ, మనం రమ్మనేదాకా పైకి రాకుండా పట్టి ఉంచడం మా పని. ఇనుప కవాటాలు ఉంటాయిగానీ వాటి అవసరం తర్వాత. ముందుగా పట్టి ఉంచేది బురద. ఈ వారం ఆ బురద గురించి రాస్తాను. మన ఇళ్లలో పొయ్యి వెలగడానికీ, మన పొలాలకు యూరియా అందడానికీ వెనక ఉన్న పనుల్లో దీని గురించి బయట మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

రిగ్గు మీద దాన్ని అందరం మడ్ అనే అంటాం. నీళ్లు, బెంటొనైట్ అనే ఉబ్బే బంకమట్టి, కాస్టిక్ సోడా, కొన్ని పాలిమర్లు, పొటాషియం క్లోరైడ్, బరువు కోసం బెరైటీస్ కలిపితే మడ్ తయారవుతుంది. పెద్ద పంపులు దీన్ని డ్రిల్ పైపు లోపలినుంచి అడుగుదాకా తోస్తాయి. రాతిని తొలిచే బిట్‌కున్న సన్నని రంధ్రాల్లోంచి చిమ్ముకొచ్చి, పైపుకీ బావి గోడకీ మధ్యనున్న సందులోంచి, తొలిచిన రాతిముక్కల్ని మోసుకుంటూ పైకొస్తుంది. పైన షేల్ షేకర్ అనే అదిరే జల్లెడ మీద ముక్కలు ఆగిపోతాయి. మడ్ మాత్రం ట్యాంకుల్లోకి దిగి, మళ్లీ లోపలికి బయల్దేరుతుంది. దారిలో బిట్‌ను చల్లబరుస్తుంది. మట్టింటికి అలుకు పెట్టినట్టు బావి గోడకు పలచని పొర పూస్తుంది. పంపు ఆపితే చిక్కబడి, మోస్తున్న ముక్కల్ని కిందికి జారనీయకుండా నిలబెడుతుంది. పంపు వేయగానే మళ్లీ పలచబడుతుంది. బురద అన్న మాట విని చిన్నచూపు చూసేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ గుణం గురించే. ఆగితే గట్టిపడి, కదిలితే జారే ద్రవాన్ని తయారుచేయడం, దాన్ని వేడిలో, ఉప్పులో, లోతులో ఆ గుణం పోకుండా కాపాడుకోవడం మామూలు రసాయన శాస్త్రం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం దాని బరువు. దాని లెక్క బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. మడ్ సాంద్రతను మీటర్లలో లోతుతో హెచ్చించి పదితో భాగిస్తే, అడుగున చదరపు సెంటీమీటరు మీద ఎన్ని కిలోల ఒత్తిడి పడుతోందో వస్తుంది. 3,000 మీటర్ల బావిలో 1.2 సాంద్రత మడ్ ఉంటే 360 కిలోలు. రాతి రంధ్రాల్లో ఇరుక్కున్న గ్యాస్ ఒత్తిడి 340 అయితే గ్యాస్ ఉన్నచోటే ఉంటుంది. 370 అయితే బయల్దేరుతుంది. ఎందుకైనా మంచిదని మడ్‌ను 1.5 దాకా బరువెక్కిస్తే? అడుగున 450 పడుతుంది. అంత బరువుకు రాయి పగిలితే మడ్ ఆ పగుళ్లలోకి పోతుంది, బావిలో మట్టం పడిపోతుంది, మట్టంతోపాటు ఒత్తిడీ పడిపోతుంది, గ్యాస్ బయల్దేరుతుంది. తక్కువైతే ఎక్కడికి చేరతామో ఎక్కువైనా అక్కడికే చేరతాం. ఈ రెండు హద్దుల మధ్య సందు కొన్ని బావుల్లో విశాలంగా ఉంటుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని లోతైన, వేడి ఎక్కువగా ఉండే బావుల్లో అది బాగా ఇరుకు. మా నైపుణ్యమంతా ఆ ఇరుకులో నడవడమే.

ఆ బరువు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే తెలుగువాళ్లకు సంతోషం కలగాలి. బెరైటీస్ అంటే మన ముగ్గురాయి. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే ఒకచోట దొరికే అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. అక్కడ తవ్విన రాయి పిండిగా మారి, ఓడలెక్కి, అమెరికా బావుల్లోకీ గల్ఫ్ బావుల్లోకీ పోతుంది. ఎడారిలో రిగ్గు మీద ముగ్గురాయి సంచులు విప్పి హాపర్‌లో పోస్తున్నప్పుడు, ఇది మన కోడూరు గాలి తగిలిన రాయి అని పక్కనున్న ఫిలిప్పీన్స్ కుర్రాడికి చెప్పకుండా ఉండలేకపోయాను. అంత దూరదేశంలో, అంత లోతులో, అంత ఒత్తిడిని మన రాయి తొక్కిపట్టి ఉంచడం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మడ్ ఇంజినీరు సామాను చూస్తే ఈ కాలపు యంత్రాల్లా ఉండదు. ఒక గరాటు, ఒక త్రాసు, ఒక ఫిల్టర్ ప్రెస్, కొన్ని సీసాలు. ఆ గరాటును మార్ష్ ఫనెల్ అంటారు. 1931లో హాలన్ మార్ష్ అనే ఇంజినీరు దాన్ని పరిచయం చేశాడు. లీటరున్నర మడ్ పోసి, కింద 946 మిల్లీలీటర్లు కారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం, అంతే. మంచినీళ్లయితే 26 సెకన్లు. మడ్ 45 సెకన్ల దగ్గర ఉండాల్సింది 60కి పోయిందంటే బావిలో ఏదో కలుస్తోందనో, జల్లెడ సరిగ్గా పట్టట్లేదనో అర్థం. ఇంతకన్నా కచ్చితమైన పరికరాలు ఎన్నో వచ్చాయి, వాటినీ వాడతాం. అయినా ప్రపంచంలో ఏ రిగ్గుకెళ్లినా షేకర్ పక్కన ఈ గరాటు వేలాడుతూ ఉంటుంది. దాని గొప్పతనం చవకగా ఉండటంలోనో పాతదవటంలోనో లేదు. మనిషిని పావుగంటకోసారి మడ్ దగ్గరికి నడిపిస్తుంది, అదీ దాని విలువ. అక్కడికి నడిచినవాడు రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, వేళ్ల మధ్య రుద్దుతాడు, నురగ కడుతోందా అని చూస్తాడు. జల్లెడ మీద పడే రాతిముక్కల్నీ చూస్తాడు.

ఈ ముక్కల దగ్గర కాస్త ఆగాలనిపిస్తోంది. రిగ్గు మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. మూడు వేల మీటర్ల నుంచి ఒక ముక్క పైకి రావడానికి ముప్పావుగంటో గంటో పడుతుంది. అందుకే ఇప్పుడు చేతిలో ఉన్న ముక్క ఎంతసేపటి కిందట ఏ లోతులో తెగిందో లెక్కగట్టి చూస్తాం. రాజోలు ప్రాంతపు బావుల్లో ఒక లోతుకు పోయాక నల్లటి బసాల్టు ముక్కలు వస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు రాజోలు ఫార్మేషన్ అని పేరు పెట్టారు. రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, గోదావరికి అవతలి ఒడ్డున పంగిడి క్వారీల్లోనూ కంకర కొట్టే నల్లరాయి దాని బంధువే. దక్కను పీఠభూమిని పరిచిన లావాల కాలానిదే, దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటిది. నది ఒడ్డున ఎండలో కనిపించే రాయి సముద్రం వైపు వంగి, వంగి, కొబ్బరితోటల కింద అంత లోతుకు దిగిపోయింది. దాని మీద గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుంది. ఇంకా కిందికెళ్తే రాఘవాపురం షేల్ అనే మట్టిరాతి పొర తగులుతుంది. మన బేసిన్‌లో నూనె, గ్యాస్ పుట్టిన రాళ్లలో అదొకటి. మన జిల్లాల ఊళ్ల పేర్లు ఇలా ప్రపంచమంతటా శాస్త్రపత్రాల్లో తిరుగుతున్నాయని ఆ ఊళ్ల బళ్లలో పిల్లలకు ఎవరైనా చెప్పాలి.

షేల్‌కు నీళ్లంటే పడదు. తడి తగిలితే ఉబ్బి, పెచ్చులుగా ఊడి, పైపును బిగించేస్తుంది. పొటాషియం క్లోరైడ్ కలిపేది అందుకే. జల్లెడ మీద మామూలుగా గోరంత ముక్కలు పడేచోట అరచేతి మందాన, వంకరగా, పదునైన అంచులతో పెచ్చులు పడటం మొదలైతే, అవి బిట్ కొరికినవి కావు, గోడ రాలినవి. అంటే అడుగు నుంచి కబురు వచ్చినట్టే.

మడ్‌తో బావిని అదుపు చేయడం 20వ శతాబ్దంతోపాటే మొదలైందని చెప్పొచ్చు. టెక్సస్‌లోని బ్యూమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ గుట్ట మీద హామిల్ సోదరులు తవ్వుతున్నప్పుడు మెత్తటి ఇసుక కూలిపోతుంటే, నీటిగుంటలోకి పశువుల్ని తోలి, వాటి కాళ్లతో తొక్కించిన బురదను బావిలోకి పంపించారని చెబుతారు. గోడ నిలబడింది. 1901 జనవరి 10న అదే బావి విరుచుకుపడింది. రోజుకు లక్ష పీపాల దాకా నూనె ఆకాశంలోకి చిమ్మింది, మూత పెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. జనం దాన్ని సంబరంగా చూశారు. నూనె ఎగజిమ్మడం అదృష్టానికి గుర్తన్న కాలమది. మరో 20 ఏళ్లకు జేమ్స్ అబర్‌క్రాంబీ, హ్యారీ కామెరన్ అనే ఇద్దరు కలిసి, పైపు చుట్టూ రెండు వైపులనుంచి మూసుకునే ఇనుప కవాటం తయారుచేశారు. ఇవాళ ప్రతి రిగ్గు కిందా ఉండే బ్లోఅవుట్ ప్రివెంటర్‌కు (బీవోపీ) అదే మూలం. అప్పటినుంచి మడ్ మొదటి కాపలా అయింది, బీవోపీ రెండోది. రెండోదాని అవసరం రాకుండా చూసుకోవడమే మంచి పనితనం అని మా పెద్దలు చెప్పేవారు, నేనూ అదే నమ్ముతాను.

కిక్ అంటే అడుగునుంచి గ్యాసో నీళ్లో పిలవకుండా బావిలోకి రావడం. చిన్న కిక్ ప్రమాదం కాదు. చూడని కిక్ ప్రమాదం. అడుగున 300 వాతావరణాల ఒత్తిడిలో వంద లీటర్లున్న గ్యాస్, ఎవరూ అడ్డుకోకపోతే, పైకొచ్చేసరికి సుమారు 300 రెట్లవుతుంది. ఆ వ్యాపించడం దారి పొడవునా సమంగా జరగదు. చాలాదూరం నెమ్మదిగా వస్తుంది, చివరి వందమీటర్లలో పదింతలవుతుంది. అంటే, మనకు తెలియజెప్పే హడావిడి అంతా చివర్లోనే ఉంటుంది, తప్పించుకునే వ్యవధి అంతా మొదట్లోనే ఉంటుంది. అందుకే మొదట్లో కనిపించే చిన్న తేడాను పట్టుకోవాలి.

ఆ తేడా ఎక్కువగా కనిపించేది తవ్వుతున్నప్పుడు కాదు, పైపులు పైకి లాగుతున్నప్పుడు. బిట్ మార్చాలంటే మొత్తం పైపుల్ని బయటికి లాగాలి. దాన్ని ట్రిప్ అంటాం. మూడేసి పైపులు కలిసినదాన్ని స్టాండ్ అంటాం. అయిదంగుళాల పైపు ఒక స్టాండ్ బయటికొస్తే, ఆ ఇనుము ఖాళీ చేసిన చోట సుమారు 110 లీటర్ల మడ్ నింపాలి. అయిదు స్టాండ్లకు 550. దీన్ని ట్రిప్ ట్యాంక్‌లోంచి కొలిచి పోస్తూ, కాగితం మీద రాసుకుంటాం. బావి ఎంత తాగాలి, ఎంత తాగింది, ఇదే ట్రిప్ షీట్. 550 తాగాల్సినచోట 400 తాగిందంటే మిగతా 150 లీటర్ల చోటును ఎవరో ఆక్రమించారు.

డెల్టాలో ఒక బావి మీద ఒక రాత్రి. రాజోలు వైపునుంచి వచ్చే మడ్ అటెండెంట్ ఒకాయన ఉండేవారు, అందరం బాబాయ్ అనేవాళ్లం. ట్రిప్ షీట్ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "సార్, బావి తక్కువ తాగుతోందండి. పోయిన ట్రిప్పులో ఇక్కడికొచ్చేసరికి సరిపడా తాగిందండి. రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూడండి" అన్నారు. చూశాను. తేడా ఉంది, చాలా కొద్దిగా. డ్రిల్లర్‌కు చెప్పాం. ఆయన లాగడం ఆపి ఫ్లో చెక్ చేశారు. అంటే ఏమీ కదపకుండా నిలబడి, బావినుంచి మడ్ దానంతటది పారుతోందా అని చూడటం. పది నిమిషాలు చూశాం. చుక్క కదల్లేదు. అలాంటప్పుడు "ఏమీ లేదు, లాగేద్దాం" అనేసే వీలుంది. పని వెనకబడి ఉంది, పైనుంచి ఫోన్లు వస్తున్నాయి. డ్రిల్లర్ ఒకసారి షీట్ వైపు, ఒకసారి బాబాయ్ వైపు చూసి, "లెక్క తేలకుండా పైకెళ్లేది లేదు, అడుక్కి దింపండి" అన్నారు. పైపులన్నీ మళ్లీ దించి, మడ్ తిప్పడం మొదలుపెట్టాం. అడుగున ఉన్నది పైకి చేరే వేళకు గ్యాస్ మీటరు ముల్లు ఎగిరింది. 1.25 ఉండాల్సిన మడ్ నురగ కట్టి 1.1కి పడిపోయింది. పైపును లాగే ఊపుకు పిచికారీలో పీల్చినట్టుగా కొద్ది గ్యాస్ బావిలోకి వచ్చి చేరింది. డీగ్యాసర్ దాన్ని వేరుచేసింది, మేం మడ్‌ను కాస్త బరువెక్కించాం, తర్వాత నిదానంగా లాగాం. తెల్లారింది. రిపోర్టులో రెండు వాక్యాలు రాశాం.

జరగని ప్రమాదానికి వార్త ఉండదు. జరిగినదానికి ఉంటుంది. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి బావి విరుచుకుపడి అంటుకుంది. రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. కోనసీమలో ఇవాళ నడివయసు దాటినవాళ్లను ఎవర్ని అడిగినా ఆ మంట గురించి చెబుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి, ఇరవైమందికి పైగా మంటల్లో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. అది డ్రిల్లింగ్ ప్రమాదం కాదు, నా విభాగమూ కాదు. కానీ మా పరిశ్రమ అని ఊరివాళ్లు అంటే మేమంతా అందులోకే వస్తాం, రావాలి కూడా. తోట పక్కన రిగ్గు వేసుకుని పనిచేసేవాడికి ఆ తోటవాళ్లు ఎందుకు భయపడుతున్నారో తెలియకపోతే, బావి గురించి ఎంత తెలిసినా చాలదని నా అభిప్రాయం.

మెక్సికో అఖాతంలో 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద జరిగింది కూడా మూలంలో మా బాబాయ్ షీట్‌లో కనిపించినలాంటి తేడానే. బావి సీలు బిగిసిందో లేదో తెలుసుకునే పరీక్షలో డ్రిల్ పైపు మీద 1,400 పీఎస్‌ఐ కనిపించింది, పక్కనున్న కిల్ లైన్ మీద సున్నా. రెండూ ఒకే బావిలోకి వెళ్లే దారులు, రెండూ ఒకటే చెప్పాలి. చెప్పట్లేదు. దానికి ఎవరో ఒక వివరణ ఇచ్చారు, మిగతావాళ్లు ఒప్పుకున్నారు, బావిని పట్టి ఉంచుతున్న బరువైన మడ్‌ను తీసేసి సముద్రపు నీళ్లు నింపే పని కొనసాగింది. అదే రోజు మడ్‌ను పక్కనున్న ఓడలోకి తోడటంతో, ఎంత లోపలికి పోతోంది, ఎంత బయటికొస్తోంది అన్న లెక్క కలగాపులగమైంది. 11 మంది చనిపోయారు. నూనె సముద్రంలోకి పారడం ఆగడానికి 87 రోజులు పట్టింది. అక్కడున్నది ప్రపంచంలోకెల్లా అధునాతనమైన రిగ్గుల్లో ఒకటి. తేడా తెరమీద కనిపిస్తూనే ఉంది. తేడాకు వివరణ వెతకడం ముందు జరిగింది, పని ఆపడం జరగలేదు. ఈ ప్రమాదం మీద వచ్చిన నివేదికల్ని పెట్రోలియం విద్యార్థులందరి చేతా చదివించాలి.

సెన్సర్లు వద్దని నేననను. పాత తెడ్డు సెన్సరు కంటే కోరియోలిస్ మీటరు ఎంతో మేలు, పారే మడ్ సాంద్రతనూ పరిమాణాన్నీ క్షణక్షణం చెబుతుంది. ఇవాళ వేల మైళ్ల దూరంలో గదిలో కూర్చుని బావిని చూస్తున్నారు, కంప్యూటరు ముందే హెచ్చరిస్తోంది. మంచిదే. నా దిగులు వేరేచోట ఉంది. కొత్తగా వచ్చే ఇంజినీర్లు చాలామంది షేకర్ దగ్గరికి రావడం మానేశారు. తెర మీద గీత ఉంది కదా అంటారు. గీత వంకర పోయినప్పుడు అది సెన్సరు చెడినందుకా, బావి కదిలినందుకా అని తేల్చేది ఎవరు? మామూలు రోజుల్లో ఆ మడ్ ఎలా ఉంటుందో చేతికి తెలిసినవాడే తేల్చగలడు.

ఈ ఉద్యోగానికి ఇంట్లోవాళ్లు కట్టే మూల్యం కూడా ఉంది. 14 రోజులు పని, 14 రోజులు ఇల్లు. విదేశాల్లో 28, 28. పన్నెండు గంటల షిఫ్టు. సంక్రాంతి ఏ షిఫ్టులో పడుతుందో మన చేతిలో ఉండదు. ఇంటికొచ్చిన మొదటి రెండు రోజులు నిద్రలో కూడా పంపు చప్పుడు ఆగినట్టనిపించి లేచి కూర్చుంటాం. ఇది తెలిసి చేరాలి. చేరినవాళ్లకు మాత్రం చేతినిండా నేర్చుకునే పని ఉంటుంది. నూనె యుగం అయిపోతోంది కదా, ఈ విద్యకు రేపు విలువ ఉంటుందా అని అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. భూమిలోపలి వేడితో కరెంటు తీయాలన్నా, కార్బన్ డయాక్సైడ్‌ను పాతాళంలో దాచాలన్నా బావి తవ్వాల్సిందే. లద్దాఖ్‌లోని పూగా లోయలో భూతాపశక్తి కోసం చేపట్టిన పనిలో ఉన్నది మన చమురు సంస్థే. ఒత్తిడి ఉన్నచోటల్లా ఈ లెక్క ఉంటుంది.

విశాఖలో, కాకినాడలో పెట్రోలియం ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు నా విన్నపం ఇది. మొదటి పోస్టింగులో మడ్ ట్యాంకుల దగ్గర డ్యూటీ అడిగి వేయించుకోండి. ట్రిప్ షీట్ మీ చేతితో రాయండి. పోయిన ట్రిప్ షీట్ పక్కన పెట్టుకుని రాయండి. అటెండెంట్లు చెప్పేది వినండి, వాళ్లు ఆ బావిని మీకన్నా ఎక్కువ గంటలు చూశారు. రిగ్గుల్ని నడిపే పెద్దలకూ ఒకటి అడుగుతున్నాను. అనుమానం వచ్చి పని ఆపించినవాడు ఇంజినీరైనా సరే, కాంట్రాక్టు కూలీ అయినా సరే, ఆ అనుమానం ఉత్తదని తేలినా సరే, పోయిన గంటల ఖర్చు అతని పద్దులో రాయకండి. మర్నాటి ఉదయం మీటింగులో అందరి ముందూ అతన్ని మెచ్చుకోండి.